సిక్కోలులో నాలుగు రోజులు, ఒక జున్ను బర్గర్

మొదటి రోజు, మంగళవారం: విజయనగరం

విశాఖపట్నం స్టేషన్‌లో రైలింజను ఇటు తీసి అటు తగిలిస్తారు. రాత్రంతా ముందుకు పోతూ కూర్చున్నవాళ్లు అక్కణ్ణుంచి వీపు ముందుకు పెట్టుకుని పోవాలి. నేను ఆ సంగతి మర్చిపోయి నిద్రలేచి, రైలు మళ్లీ సికింద్రాబాదే తీసుకుపోతోందేమో అని కంగారుపడ్డాను. కొత్తవలస బోర్డు కనపడ్డాక గాని కుదుటపడలేదు.

విజయనగరం ప్లాట్‌ఫారం మీద బావ నిలబడి ఉన్నాడు. మాది తెనాలి. అక్కని సిక్కోలు ఇచ్చి పన్నెండేళ్లయింది. (శ్రీకాకుళం అని కాగితాల మీదే. అక్కడివాళ్ల నోట్లో అది సిక్కోలే.) బావది సిమెంటు వ్యాపారం. విజయనగరంలో రావలసిన బాకీలు వసూలు చేసుకోవడానికి ముందురోజే వచ్చి, పనిలో పని నన్ను దింపుకుని తీసుకెళ్దామని ఆగాడు.

"ఏటి బావా, ఇలాగ సిక్కిపోనావు? ఐదరాబాదులో తిండి ఎట్టట్లేదేటి?"

నేను చిక్కలేదు. మూడు కిలోలు పెరిగాను. కానీ ఆ ప్రాంతంలో చుట్టాన్ని చూడగానే ఆ మాట అనకపోతే మర్యాద కాదు.

బావ బాకీల మీద పడ్డాడు, నేను ఊరి మీద పడ్డాను. మూడు లాంతర్ల కూడలి, గంటస్తంభం, 1713లో కట్టిన కోట, ఆ పక్కన 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు, ఘంటసాల అక్కడే చదువుకున్నాడు. నేను వెళ్లినప్పుడు లోపల ఎవరో పిల్ల వయొలిన్ మీద ఒకే గమకాన్ని పదిసార్లు తప్పి, పదకొండోసారి పట్టుకుంది. ఆ తర్వాత ఇంకేం వాయించకుండా ఆపేసింది. గురజాడ ఇల్లు కూడా చూశాను, బయటినుంచే. మంగళవారం కదా, పైడితల్లి గుడి దగ్గర జనం బాగా ఉన్నారు. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను పండగ నాడైతే ఆ వీధుల్లో నిలబడడానికే చోటుండదట. పొడుగాటి చింతమాను కొసన పూజారి కూర్చుని కోట దాకా ఊరేగుతాడు. నాకు మామూలు మంగళవారమే దొరికింది.

సాయంత్రం పిడత కింద పప్పు తిన్నాం. బుట్ట నిండా మరమరాలు, వేయించిన పప్పులు, ఆ కుప్ప మీద నిప్పులున్న చిన్న మట్టిపిడత. ఆ పిడత కింద వెచ్చగా ఉండే పప్పు కాబట్టి ఆ పేరు. ఉల్లిపాయ ముక్కలు, కారం, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో పోసిచ్చాడు. పొట్లం సగమయ్యాక బావ గొంతు తగ్గించి అసలు విషయం చెప్పాడు.

"రేపు రాత్రి సిక్కోల్లో నీకొకటి సూపిస్తాను. కంచమంత ఉంటాది. మీ అక్కకి సెప్పకు."

దాచాల్సినంత పెద్దది ఏమిటో అడిగాను.

"బర్గర్. బార్లో."

రెండో రోజు, బుధవారం: పొందూరు మీదుగా శ్రీకాకుళం

పాసింజరు బండిలో చీపురుపల్లి దాటి పొందూరులో దిగాం. ఖద్దరు చూడాలని నా కోరిక. బావ పుట్టింది ఆ పక్కనే అయినా పొందూరులో ఎప్పుడూ దిగలేదట. దగ్గరున్నది ఎవరు చూస్తారు.

పత్తి ఏరే ఒకావిడ చేతిలో ఉన్న దువ్వెనని దగ్గరగా చూడనిచ్చింది. దువ్వెన అన్నది నా మాటే. అది వాలుగ చేప దవడ ఎముక. రెండు వేళ్లంత పొడుగు, దాని మీద గీసిన గరుకు కాగితంలాగ కంటికి ఆననంత చిన్న పళ్లు. వేలితో ఒక పక్కకి నిమిరితే ఏమీ లేదు, ఇంకో పక్కకి నిమిరితే చర్మం పట్టుకుంటుంది. గింజకి అంటుకుని ఉన్న పత్తిని దాంతో దువ్వుతుంటే చెత్త, నలుసు ఆ పళ్లలో ఉండిపోయి, పోగులన్నీ ఒకే దిక్కుకి పడుకుంటున్నాయి. ఒక్కో గింజనీ అలాగే దువ్వాలి. నేను నాలుగు గింజలు ప్రయత్నించి మూడు పాడుచేశాను. "మీ సేతిది కాదు బావు" అని ఆవిడ నవ్వి దవడ వెనక్కి తీసుకుంది. సన్ననూలు తీయడానికి ఇంకా దీన్ని మించింది దొరకలేదట. అంత పనికి ఆవిడకి గిట్టేది వింటే, కొన్న పంచె ధర గురించి బేరమాడినందుకు నాకే సిగ్గేసింది.

తర్వాత దిగింది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో. పేరు శ్రీకాకుళానిది, స్టేషను ఆమదాలవలసలో. ఊరు ఇంకా 13 కిలోమీటర్లు. ఆటోలో నాగావళి వంతెన దాటేసరికి మధ్యాహ్నం. అక్క వంకాయ, ఎండు నెత్తళ్లు కలిపి పులుసు పెట్టింది. తెనాలిలో పుట్టిన మనిషి, ఇప్పుడు "ఏట్రా, ఇంకొంచెం ఎయ్యనా" అంటోంది. అమ్మ వింటే ఏమంటుందో.

రాత్రి స్నేహితుడింట్లో భోజనం అని చెప్పి బయటపడ్డాం. బండి తియ్యకుండా ఆటో ఎక్కితే అక్క గుమ్మంలో నిలబడి చూసింది. అప్పుడే అనుమానించాల్సింది మేం.

డే అండ్ నైట్ జంక్షన్ నుంచి కొంచెం లోపలికి వెళ్లాలి. పేరు రాయను, మిగతా బార్లలాగే ఉంటుంది: నల్లద్దాల తలుపు, లోపల ఏసీ చలి, మొహాలు కనపడీ కనపడనట్టు లైట్లు, చేపల తొట్టె, గొంతు నొక్కేసిన టీవీలో క్రికెట్. టేబుల్ దగ్గర కూర్చోగానే ఉడకబెట్టిన శనగలు, ఉల్లిపాయ ముక్కలు వచ్చాయి. మెనూ కార్డు చివర విడిగా అంటించిన కాగితం ఉంది. "భీమ బర్గర్. 650. అరగంట పట్టును."

భీముడి పేరు ఈ ఊళ్లో ఊరికే పెట్టరు. ఇక్కడి స్టేడియం కోడి రామమూర్తి పేరు మీద ఉంది. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుని, గొలుసులు తెంపి, కలియుగ భీముడనిపించుకున్న మనిషి. ఇంటిపేరు కోడి అయినా ఆయన శాకాహారి అంటారు. ఈ బర్గర్ ఆయనకి పనికొచ్చేది కాదన్నమాట.

వడ్డించే పెద్దాయన వచ్చి, "ఎంతమంది బావు?" అన్నాడు.

"ఇద్దరమే."

"ఇద్దరికి అదెందుకు. సిల్లీ సికెన్ సెప్పుకోండి. అది నలుగురైదుగురు మంచింగుకి సెప్పుకుంటారు."

బర్గర్‌ని మంచింగ్ అనగా వినడం అదే మొదటిసారి. నా లెక్కలో అది ఒక మనిషి, రెండు చేతులు, ఒక పూట. బావ మాత్రం పట్టు వదల్లేదు. "ఈడు ఐదరాబాదు నుంచొచ్చాడు. ఎట్టండి."

అరగంట కాదు, నలభై నిమిషాలు పట్టింది. రావడం చపాతీ పీట మీద వచ్చింది. ఇద్దరు పట్టుకొచ్చారు అంటే అబద్ధం, ఒక్కరే తెచ్చారు గాని రెండో చేయి అడ్డం పెట్టుకుని తెచ్చారు. బన్ను అన్నం తినే కంచం కన్నా ఒక వేలు తక్కువ. ఎత్తు, పక్కనున్న బీరు సీసా భుజం దాకా. కింద నుంచి చెప్తాను: వెన్నలో కాల్చిన బన్ను, లెట్యూస్ చోట సన్నగా తరిగిన క్యాబేజీ, టమాటా చక్రాలు, కోడి కీమా బిళ్ల, దాని మీద కరిగి అంచుల నుంచి కారుతున్న చీజు, ఉల్లిపాయ, ఇంకో బిళ్ల, ఇంకో వరస చీజు, ఆ పైన సగం ఉడికిన గుడ్డు, అందరి మీదా నువ్వులు జల్లిన టోపీ. మొత్తాన్ని కబాబు పుల్ల ఒకటి నిలువునా గుచ్చి నిలబెట్టింది. పుల్ల కొసన నిమ్మచెక్క.

పక్క టేబుల్లో నలుగురున్నారు. మాటలు ఆపేశారు. అందులో పెద్దాయన, తెల్లచొక్కా, కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చుని, "ఏటి బావు అది, దిబ్బరొట్టి మీద కోడికూర ఎట్టినట్టున్నాది" అన్నాడు.

అంతకన్నా బాగా నేను రాయలేను.

రెండు చేతులతో ఎత్తబోయాను. సినిమాల్లో ఎత్తుతారు కదా. కింది బన్ను పీటకి అంటుకుని అక్కడే ఉండిపోయింది, పై అంతస్తులు నా చేతుల్లోకి వచ్చాయి, మధ్యలో గుడ్డు పగిలింది. నోరు ఎంత తెరిచినా మూడు అంతస్తులకి మించి పట్టలేదు. కొరికిన వైపు నుంచి కాక ఎదురు వైపు నుంచి రెండో బిళ్ల జారి పీట మీద పడింది. చీజు తీగ ఒకటి గడ్డం నుంచి చొక్కా జేబు దాకా సాగి అక్కడే ఆరిపోయింది. తెల్లచొక్కా పెద్దాయన జాలిపడి, "కత్తి తేరా" అని వంటింటి వైపు కేకేశాడు.

కత్తితో పాటు వంటాయన కూడా వచ్చాడు. యాభై దాటిన మనిషి. సోంపేట వైపు ఊరట. ఓడల్లో పదకొండేళ్లు వంట చేశాడు. అమెరికా రేవుల్లో దిగినప్పుడు ఇలాంటివి తిని, ఓడలో సిబ్బందికి చేసిపెట్టి నేర్చుకున్నాడు. అక్కడ దీన్ని గొడ్డుమాంసంతో చేస్తారు, ఇక్కడ కోడి. ఆ మార్పు పెద్ద సంస్థలూ చేసుకున్నదే. 1996లో ఢిల్లీలో మెక్‌డొనాల్డ్స్ తెరిచినప్పుడు గొడ్డుమాంసం లేకుండానే తెరిచింది. మాంసం బిళ్ల మీద చీజు పెట్టే ఆలోచన మాత్రం 1920ల్లో కాలిఫోర్నియాలోని పసడేనాలో ఒక కుర్రాడిదని అమెరికాలో ఎక్కువగా చెప్పుకునే కథ. మేమే ముందు పెట్టాం అనే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

నిలబడే ఆయన బర్గర్‌ని ఎనిమిది ముక్కలు కోశాడు, పుట్టినరోజు కేకులాగ. కోస్తూ చెప్పినవి నాకు బర్గర్ కన్నా బాగా గుర్తున్నాయి. కీమాలో ఉప్పు కలపడట. ముందే కలిపితే మాంసం బిగుసుకుని రబ్బరవుతుంది. పెనం మీద వేసే ముందు పైపైన జల్లుతాడు. బిళ్ల నడుమ వేళ్లతో గుంట నొక్కుతాడు. నొక్కకపోతే కాలేటప్పుడు అంచులు ముడుచుకుని మధ్యలో బుడిపె లేస్తుంది, ఆ బుడిపె మీద ఏ అంతస్తూ నిలవదు. పచ్చి కీమా అరకేజీ, కాలేసరికి బాగా తగ్గుతుంది. బన్ను బేకరీ వాళ్లు కేకు డబ్బాలో విడిగా కాల్చి ఇస్తారు, పొద్దున్నే ఎన్ని కావాలో చెప్పాలి. లోపలి వైపు వెన్నతో ఎర్రగా కాల్చకపోతే మాంసం రసం పీల్చుకుని బన్ను ముద్దవుతుంది.

"మొదట్లో పనీరు ఏసీవాణ్ణి. అది ఎంత కాల్చినా కరగదు బావు, ముక్క ముక్కలాగే ఉంటాది."

అది ఎందుకో నాకు తెలుసు గనక మధ్యలో దూరాను. పనీరు నిమ్మరసంతోనో మరో పులుపుతోనో విరిచింది, వేడికి ఇంకా గట్టిపడుతుంది గాని కరగదు. బిళ్లలుగా అమ్మే చీజులో కరగడానికనే ఒకరకం లవణాలు కలుపుతారు, అందుకే నూనె వేరుపడకుండా మెత్తగా జారుతుంది. ఆయన అంతా విని, "అదేటో గాని, మూతెట్టి చెంచాడు నీళ్లు జల్లితే అర నిమిషంలో కరుగుతాది" అన్నాడు. నా శాస్త్రం అక్కడితో సరి.

"చీజంటే జున్నే కదేటి?" అన్నాడు బావ.

నిఘంటువు ఆ మాటే అంటుంది. కానీ జున్ను అనగానే నాకు ఈనిన గేదె, ముర్రుపాలు, బెల్లం, మిరియం, అమ్మమ్మ. దాన్ని కోడి కీమా మీద ఊహించుకుంటే కడుపులో తిప్పింది. బావ మాత్రం రాత్రంతా దాన్ని జున్ను బర్గర్ అనే పిలిచాడు. తెల్లచొక్కా పెద్దాయన కూడా అందుకున్నాడు.

ఆయనకో ముక్క పంపాం. పంపింది బావ, నేను చూస్తూ ఉండగానే. నాలుగు ముక్కలు పక్క టేబుల్‌కి వెళ్లిపోయాయి. అటునుంచి ఎండు నెత్తళ్ల వేపుడు ప్లేటు ఒకటి, అడగకుండానే పచ్చిమిరపకాయలు వచ్చాయి. వాళ్లు బర్గర్ ముక్క మీద నిమ్మకాయ పిండి, పచ్చి ఉల్లిపాయ పెట్టి, మిరపకాయ నంజుకుంటూ, ఒక్కో గుటకకి ఒక్కో ముద్ద చొప్పున తిన్నారు. నేనూ అలాగే తిని చూశాను. అలాగే బాగుంది.

ఎలా ఉందని ఎవరైనా అడిగితే, నా మాట ఇది. మొదటి మూడు ముద్దలు అద్భుతం. బిళ్ల అంచు మాడీ మాడనట్టు కరకరలాడుతూ, దాని మీద ఉప్పటి చీజు. ఆ తర్వాత మధ్య భాగానికి వచ్చేసరికి అంతా ఒకే మెత్తన. బేకరీ బన్ను తీపి ఎక్కువ, క్యాబేజీ నీరు వదిలింది. హైదరాబాద్‌లో దీనిలో నాలుగో వంతు సైజులో ఇంతకన్నా రుచైనవి తిన్నాను. ఏ పక్క టేబుల్ నుంచీ నెత్తళ్లు మాత్రం రాలేదు.

ఎనిమిదిలో రెండు ముక్కలు, జారిపడ్డ బిళ్లలో చాలా భాగం మిగిలాయి. పార్సిల్ కట్టించాం. సోంపు గిన్నెతో పాటు బిల్లు వచ్చింది. ఆఫీసు ప్రయాణాల అలవాటు, బిల్లు కనపడితే చేయి దానంతట అదే జేబులో పెట్టేసుకుంటుంది. చీజు అంటిన జేబులో.

మూడో రోజు, గురువారం: అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం

పొద్దున్నే అక్క తలంట్లు పోయించి గాని ఇల్లు కదలనివ్వలేదు. ఫ్రిజ్‌లో పార్సిల్ చూసింది. "బేకరీలో తెచ్చాం" అన్నాడు బావ. "గుళ్లన్నీ తిరిగొచ్చేదాకా ఇంట్లో నీసు మాటే వద్దు" అని తలుపు వేసేసింది. ఇంకేం అడగలేదు. నా చొక్కా అప్పటికే నానబెట్టేసింది.

అరసవల్లి ఊళ్లో భాగమే. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించిన గుడి అంటారు. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు తొలి కిరణాలు తిన్నగా లోపలికొచ్చి సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడతాయి. మేం వెళ్లింది జనవరి. కిరణాలు లేవు, మంచు ఉంది. ఆదివారం కాకపోవడంతో దర్శనం పది నిమిషాల్లో అయింది. అక్క దండం పెట్టుకుంటూ ఒక కన్ను తెరిచి బావని చూడడం నేను చూశాను.

ఆటో మాట్లాడుకుని శ్రీకూర్మం వెళ్లాం. విష్ణుమూర్తిని తాబేలు రూపంలో కొలిచే గుడి. స్వామి ముఖం పడమటి వైపు ఉండడంతో ఇక్కడ ధ్వజస్తంభాలు రెండు. స్తంభాల మీద శాసనాలు, తెలుగువీ ఉన్నాయి, ఒడియావీ ఉన్నాయి. ఆవరణలో నక్షత్ర తాబేళ్లని పెంచుతున్నారు. వాటికి ఆకుకూర పెడుతున్నారు. అరచేయంత తాబేలు ఒకటి తన ఒంటికి రెండింతలున్న ఆకు ముందుకి వచ్చి ఆగింది. తల చాపి, ఒక అంచు చూసి, ఇంకో అంచు చూసి, చివర ఈనె దగ్గర మొదలుపెట్టింది. కొరికి, ఆగి, నమిలి, మళ్లీ కొరికి. మేం ప్రదక్షిణ చేసి వచ్చేసరికి సగం అయింది. మిగతాది వదిలేసి కాదు, అక్కడే కూర్చుని ఉంది, తొందరేముంది అన్నట్టు. నిన్న నాకు ఎవరైనా ఇలా తినమని చెప్పి ఉంటే చొక్కా మిగిలేది.

"బిల్లు ఎక్కడెట్టినావు?" అని బావ నా చెవిలో అడిగాడు అక్కడే.

"చొక్కా జేబులో."

"సొక్కా?"

దండెం మీద ఉంది. తాబేళ్ల ముందు ఇద్దరం చాలాసేపు నిలబడిపోయాం.

శాలిహుండం వంశధార పక్కన చిన్న కొండ. ఇటుక స్తూపాలు, గుండ్రటి చైత్యాల పునాదులు, కింద మెలికలు తిరిగే నది. ఈ చోటుని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, బడి పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. దిబ్బరొట్టి మీద కోడికూర అన్న మాట ఆయన వినుంటే ఎంత సంతోషించేవాడో అని నాకు అనిపించింది. కళింగపట్నం వెళ్లేసరికి పొద్దు వాలింది. దీపస్తంభం, వంశధార సముద్రంలో కలిసే చోటు, ఎండబెట్టిన వలలు. అక్క చెప్పులు విప్పి నీళ్లలో నడిచింది. బావ గట్టునే ఉండి ఫోన్‌లో ఎవరికో సిమెంటు ధర చెప్పాడు.

ఇంటికొచ్చి స్నానాలయ్యాక అక్క పార్సిల్ తీసింది. బన్నులు పక్కన పెట్టింది. బిళ్లల్ని వేళ్లతో పొడిచేసి, మూకుట్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లంవెల్లుల్లి వేయించి అందులో పోసింది. అంటుకున్న చీజుని గోరుతో గీకబోయి, రాక, "ఏటిది, జిగురులాగుంది" అని అలాగే వదిలేసింది. అది కరిగి కీమాకి సన్నగా పట్టుకుంది. ధనియాల పొడి, చివర మిరియం. చారన్నంలో నంజుకున్నాం. నిన్నటి దాని కన్నా చాలా బాగుందని నేను నిజం చెప్పేశాను.

"నిన్న బేకరీలో ఇంత బాగోలేదా?" అంది అక్క.

బావ మంచినీళ్లు తాగాడు.

చొక్కా ఇస్త్రీ చేసి మడత పెట్టి నా సంచిలో ఉంది. జేబు ఖాళీ.

నాలుగో రోజు, శుక్రవారం: తేలినీలాపురం, పలాస

సాయంత్రం రైలు పలాసలో. బావ కారు మాట్లాడాడు, నన్ను ఎక్కించి సరుకు తెచ్చుకోవచ్చని. బయల్దేరేటప్పుడు అక్క గుమ్మంలో మడిచిన చీటీ ఒకటి బావ జేబులో పెట్టింది. "కాశీబుగ్గలో జీడిపప్పు. అందులో ఎలా రాశానో అలాగే తెండి. మీ లెక్కలు వద్దు."

టెక్కలి దగ్గర పక్కకి తిరిగి తేలినీలాపురం చూశాం. చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. చలికాలంలో వచ్చి, పిల్లల్ని లేపి, వేసవి ముందు వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు. వాసన మాత్రం చుట్టాలది కాదు. పావుగంట ఉన్నాం.

కాశీబుగ్గలో వీధి వీధంతా జీడిపప్పే. ఒక దుకాణం వెనక గదిలో ఆడవాళ్లు కింద కూర్చుని గుళ్ల మీద, అంటే విరగని పప్పు మీద, పొట్టు తీస్తున్నారు. చిన్న చాకు, గోరు, అంతే. విరిగితే ధర పడిపోతుంది, అందుకని వేళ్ల కొసలతో తిప్పుతారు. దుకాణదారు బల్ల మీద నాలుగు రకాలు పోసి చూపించాడు. 240 నంబరు, 320 నంబరు. ఆ అంకె ఏమిటని అడిగితే, పౌనుకి ఎన్ని గుళ్లు తూగుతాయో ఆ లెక్క అన్నాడు. అంకె తక్కువైతే పప్పు పెద్దది. ఆ తర్వాత బద్దలు, ఆపైన ముక్కలు. నేను 320లో ఒక గుండు నోట్లో వేసుకున్నాను. తీపి, పాలు, చివర్లో కొంచెం వగరు. హైదరాబాద్‌లో ప్యాకెట్లో కొనేదానికి ఈ వాసన ఎక్కడ పోతుందో.

"ఎంత కట్టమంటారు?"

బావ చీటీ తీసి చదివాడు. "గుళ్లు కేజీ. బద్ద అరకేజీ. ముక్క పాయసానికి పావు." చదివి, డబ్బులు లెక్కపెట్టుకుంటూ చీటీ దుకాణదారుకి ఇచ్చాడు. ఆయన కూడిక వేయడానికి ఖాళీ కాగితం కావాలి కదా, చీటీ వెనక్కి తిప్పాడు. కళ్లజోడు సర్దుకుని, అదీ మా సరుకుల్లో భాగమే అనుకుని గట్టిగా చదివాడు.

"బీమ బర్గరు ఒకటి. బీరు మూడు. ఎండు... కాదు, వాటరు బాటిలు ఒకటి."

పొట్టు తీసే ఆడవాళ్లు తలెత్తారు. నేను వంగి చూశాను. ఉతుకులో కొంచెం వెలిసినా అంకెలన్నీ కనపడుతున్నాయి. జున్ను మరక కూడా ఉంది. బీరు మూడు అన్న చోట అక్క పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టింది.

బావ ఆ సున్నా వైపు కాసేపు చూశాడు. తర్వాత 240 నంబరు కుప్ప వైపు చూశాడు.

"గుళ్లు పెద్దవి కట్టు బావు. రెండు కేజీలు."